‘చూడుము’ అన్న మాటకు చిరునామా

రావులపాలెం కూడలిలో పావుగంటసేపు నిలబడిన వారికి ఒక విషయం తెలిసివస్తుంది. అక్కడ కనిపించే జనంలో అధికభాగం అక్కడికని వచ్చినవారు కారు. ఎక్కడికో పోతూ అక్కడ ఆగినవారు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి వచ్చిన బస్సులు, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ దాటి వచ్చిన లారీలు, కొత్తపేట మీదుగా అమలాపురానికి మళ్లే కార్లు, వీటి మధ్య అరటిగెలలు నింపుకొని మార్కెట్టు నుండి బయటపడుతున్న బండ్లు, ఇన్నింటిలో ఎటు పోవలసినదానిని అటు పంపుతున్నవి రోడ్డుపక్కన నాటిన దారిపలకలే. పలక మీద అమలాపురం అని వ్రాసి ఉన్నంత మాత్రాన అది అమలాపురం కాదు. ఆ ఊరు ఎటున్నదో చెబుతుంది, అంతే. కాని కొత్తవాడు దానిని నమ్మి బండి తిప్పుతాడు. పలక తప్పయితే నష్టపోయేది నాటినవాడు కాదు, నమ్మినవాడు.

ఈ వ్యాసంలో నేను ముచ్చటించదలచినది రోడ్లను గురించి కాదు. కంప్యూటరు కోసం వ్రాసే ప్రోగ్రాములలో కూడ ఇటువంటి దారిపలకలు ఉన్నవనీ, అవి చిరకాలం పాటు ఎవరూ సరిచూడని పలకలుగా నిలిచి ఉన్నవనీ, ఇటీవలి సంవత్సరాలలో మాత్రమే వాటిని సరిచూచే పనిని యంత్రానికి అప్పగించగలిగారనీ చెప్పడం నా ఉద్దేశం. మన ఇండ్లలో పిల్లలు చాలామంది ఈ వృత్తిలో ఉన్నారు. హైదరాబాదులోనో, అమెరికాలోనో, లేదా మన పెరటిగదిలోనే కూర్చుండి పగలూ రాత్రీ ఆ తెర వంక చూస్తూ ఏమి చేస్తున్నారో పెద్దలకు తెలియదు. అడిగితే “ఏదో కోడింగండి” అంటారు. ఆ ఏదో అన్నదానిలో ఒక చిన్న మూల ఇది.

నాకు ఈ సంగతి తెలిసింది రావులపాలెంలోనే. మా అక్కయ్య ఇల్లు అక్కడ. ఆమె కుమారుడు హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటినుండే పనిచేస్తున్నాడు. ఒకనాటి సాయంకాలం వాడి వెనుక నిలబడి తెర చూస్తున్నాను. నల్లని తెర మీద రకరకాల రంగుల అక్షరాలు. వాటి నడుమ అక్కడక్కడ ఆకుపచ్చని వాక్యాలు, అవి మాత్రం చదివితే అర్థమయ్యే ఇంగ్లీషులో ఉన్నవి.

“ఆ పచ్చ అక్షరాలు ఏమిట్రా?” అన్నాను.

“అవి మెషీను కోసం కాదు మావయ్యా, మనుషుల కోసం. మెషీను వాటిని చదవదు, దాటిపోతుంది.”

“చదవనిదానికి ఎందుకు వ్రాస్తారు?”

“రేపు ఇంకొకరు చదవాలి కదండీ. నేనే చదవాలి. ఆరు నెలలు పోతే నేను రాసింది నాకే తెలియదు.”

ప్రోగ్రాము అంటే యంత్రానికిచ్చే ఆదేశాల వరుస. వేల పంక్తులు, ఒక్కొక్కప్పుడు లక్షల పంక్తులు ఉంటాయి. వాటిని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక పేరు పెడతారు. అటువంటి ముక్కను ఫంక్షన్ అంటారు. గణితంలో మనవారు వాడే ప్రమేయం అన్న మాటను నేను ఇక్కడ వాడుతున్నాను. ఆదేశాల మధ్య మనుషుల కోసం వ్రాసుకొనే మాటలు వ్యాఖ్యలు. ఇవి మొదటినుండీ ఉన్నవే. 1957లో ఐబీఎం కంపెనీవారు ఫోర్ట్రాన్ భాషను విడుదల చేసినప్పుడు, చిల్లుల కార్డు మీద మొదటి గడిలో ‘సీ’ అనే అక్షరం ఉంటే ఆ కార్డును యంత్రం ఆదేశంగా తీసికొనకుండా విడిచిపెట్టే ఏర్పాటు చేశారు. తరువాతి కాలంలో ప్రతి ప్రమేయానికి తలమీద ఒక పద్ధతి ప్రకారం వ్యాఖ్య వ్రాయడం ఆచారమయింది: ఇది ఏమి చేస్తుంది, దీనికి ఏమి ఇవ్వాలి, ఇది తిరిగి ఏమి ఇస్తుంది, దీనితో సంబంధమున్న మరే ప్రమేయాన్ని చూడాలి. ఈ చివరి అంశమే నేటి మన విషయం. దానిని ఇంగ్లీషులో క్రాస్ రిఫరెన్సు అంటారు. మన నిఘంటువులు దానిని ఒక్క అక్షరంతో చెప్పాయి: ‘చూ.’

వ్యాఖ్య వ్రాయడం తెలుగువారికి కొత్త విద్య కాదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం వ్రాసిన కోలాచలం మల్లినాథసూరి మనవాడే. ఆయన వ్యాఖ్యానం తెరిస్తే, ఒక పదానికి అర్థం చెప్పి వెంటనే ‘ఇత్యమరః’ అంటాడు. అమరకోశంలో ఇలా ఉన్నది, కావలసినవారు అక్కడ చూచుకొనవచ్చును అని దాని భావం. వ్యాకరణ విశేషం వస్తే పాణిని సూత్రం చూపుతాడు. ఏ పుట, ఏ పంక్తి అని చెప్పడు. చెప్పవలసిన అవసరం లేదు. ఆ వ్యాఖ్యానం చదివే విద్యార్థికి అమరకోశం కంఠస్థం, అష్టాధ్యాయి కంఠస్థం. వ్యాఖ్యలో పేరు వినబడగానే వాడి మనస్సు ఆ శ్లోకం దగ్గరకు పోయి తిరిగి వచ్చేది. సూచనకూ సూచితానికీ మధ్య దారి విద్యార్థి జ్ఞాపకంలో ఉండేది. పైగా అమరకోశం మారదు. పాణిని సూత్రానికి ఎవరూ కొత్త పేరు పెట్టరు.

ఈ రెండు సౌకర్యాలూ ప్రోగ్రామరుకు లేవు. వాడి గ్రంథాన్ని కంఠస్థం చేయడం ఎవరి తరమూ కాదు. అది నిన్న ఉన్నట్లు ఇవ్వాళ ఉండదు.

అచ్చుపుస్తకంలో కూడ ఈ చిక్కు కొంత ఉన్నది. పిఠాపురం మహారాజావారి పోషణలో సిద్ధమైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. మిగిలిన సంపుటాలు ఆ తరువాత దశాబ్దాల పర్యంతం వస్తూనే ఉన్నవి. అటువంటి గ్రంథంలో ‘అ’కారం దగ్గర కూర్చున్న పండితుడు చివరి అక్షరాలలోని ఒక మాటను చూడుమని వ్రాస్తే, ఇంకా అచ్చుకాని పుటకు మాట ఇచ్చినట్లే కదా. ఆ మాట నిలిచేటట్లు చూడడానికి వెనుక ఎందరు పండితులు ఎన్ని చీటీలు తిరగవేసి ఉంటారో ఊహించుకొనవలసినదే. నిఘంటువు కూర్చేవారి శ్రమను మనం అర్థాలకు మాత్రమే మెచ్చుకొంటాము, ‘చూ.’ అన్న అక్షరానికి మెచ్చుకొన్నవారిని నేను చూడలేదు.

నా వృత్తిలోనే జరిగిన ఒక సంఘటన చెబుతాను. చాలా ఏండ్ల క్రిందట నేను కొత్తగా చేరిన ఒక కేంద్రంలో ధ్వనిముద్రణల గ్రంథాలయం ఉండేది. బీరువాల నిండా టేపులు, సొరుగుల నిండా కార్డులు. కళాకారుని పేరు మీద ఒక కార్డు, దాని మీద ‘ఫలానా సంఖ్య గల టేపు చూడుము’ అని ఉండేది. గతించిన ఒక విద్వాంసుని స్మృత్యర్థం ప్రసారమయ్యే కార్యక్రమంలో ఆయన పాడిన కీర్తన వినిపించవలసి ఉన్నది. నేను కార్డు చూచి, ఆ సంఖ్య గల టేపు తెప్పించి, తొందరలో విని చూడకుండానే పెట్టించాను. వచ్చింది పెండ్లి నాదస్వరం! అంతకు ముందెప్పుడో టేపులను మరో గదిలోకి మార్చినప్పుడు సంఖ్యలు మార్చారు. కార్డులు మార్చలేదు. అర నిమిషం పాటు ఆ మంగళవాద్యం ఇంటింటా వినబడింది. ఆ విద్వాంసుని కుటుంబంవారు కూడ రేడియో పెట్టుకొని కూర్చుండి ఉంటారన్న ఆలోచన ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ కార్డు చూపిన చోట ఏమీ లేకపోయినట్లయితే నాకు ఏ ప్రమాదమూ జరిగేది కాదు. ఖాళీ అర చూచి, ఇక్కడేదో పొరపాటు ఉన్నదని వెదికేవాడిని. అక్కడ మరొక టేపు ఉండడం వల్ల మోసపోయాను. దారి తెగిపోయిన సూచన కంటె, దారి ఉండి వేరొకచోటికి తీసికొనిపోయే సూచన ప్రమాదకరమైనది.

దీనికి రావులపాలెంలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. 2022 ఏప్రిల్ దాకా ఈ ఊరు కాకినాడ ముఖ్యపట్టణంగా గల తూర్పుగోదావరి జిల్లాలోనిది. జిల్లాల పునర్విభజన జరిగిన ఆ నెలలో ఇది అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరింది. తూర్పుగోదావరి అన్న పేరు పోయిందా అంటే పోలేదు. రాజమహేంద్రవరం కేంద్రంగా గల జిల్లాకు నిలిచింది. పాత దస్తావేజులో ‘తూర్పుగోదావరి జిల్లా కలెక్టరు కార్యాలయం చూడుము’ అని ఉన్నదనుకోండి. దానిని నమ్మి బయలుదేరినవాడికి ఆ పేరుగల కార్యాలయం దొరుకుతుంది. కాని అది దస్తావేజు వ్రాసినవాని మనస్సులో ఉన్న కార్యాలయం కాదు. ఈ ఊరి మీదుగా పోయే రహదారి కూడ అంతే. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు 5వ నంబరు రోడ్డు 16వ నంబరు అయింది. 5వ సంఖ్య ఉత్తరాదిన మరో రోడ్డుకు పోయింది. మనిషికైతే సందర్భం తెలుసు కనుక సర్దుకొంటాడు.

ప్రోగ్రాములో ఇది ఎలా జరుగుతుందో చూద్దాము. అరటి మార్కెట్టు లెక్కలకు ఒక ప్రోగ్రాము వ్రాశారని ఊహించుకొందాము. అందులో రైతుకు చెల్లించవలసిన సొమ్ము కట్టే ప్రమేయం ఒకటి. దాని తలమీద వ్యాఖ్యలో ‘తరుగు తీసే పద్ధతికి “తరుగు” అనే ప్రమేయం చూడుము, తరుగు ఇక్కడ తీయబడదు’ అని వ్రాశారు. ఏడాది తరువాత మరొకరు వచ్చి, పాత ‘తరుగు’కు ‘గెల తరుగు’ అని పేరు మార్చి, లారీలో దెబ్బతిన్న కాయల కోసం కొత్తగా ఒక ‘తరుగు’ వ్రాశారు. ఆదేశాలలో ఎక్కడెక్కడ పాత పేరు వాడారో అక్కడంతా యంత్రం కొత్త పేరు పెట్టింది. వ్యాఖ్యలో మాత్రం పాత పేరే ఉన్నది. మూడవ సంవత్సరం ఇంకొక కుర్రవాడు వచ్చి, ఆ వ్యాఖ్య చదివి, చూపిన చోటికి పోయి చూచి, అది లారీ తరుగు కనుక గెల తరుగు ఎవరూ తీయడం లేదని భ్రమపడి, తానొకసారి తీయిస్తాడు. రైతుకు తరుగు రెండుసార్లు తీయబడుతుంది. ఎక్కడా యంత్రం ఆగదు, గంట మ్రోగదు. వ్రాసినవాడు అబద్ధం వ్రాయలేదు; చదివినవాడు అశ్రద్ధ చేయలేదు.

కాగితం మీది మాటకూ ప్రోగ్రాములోని లెక్కకూ పొత్తు తప్పితే ఎంతవరకు పోతుందనడానికి అమెరికావారి కుజగ్రహ నౌక ఒకటి సాక్ష్యం. 1998 డిసెంబరులో పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అన్న ఆ నౌక 1999 సెప్టెంబరులో కుజుని చేరుతూనే నష్టమయింది. లెక్కలు న్యూటన్-సెకండ్లలో ఇవ్వవలెనని ఒప్పంద పత్రంలో ఉన్నది. ప్రోగ్రాము పౌండు-సెకండ్లలో ఇచ్చింది. రెండింటికీ మధ్య తేడా సుమారు నాలుగున్నర రెట్లు. నేను చెప్పబోయే పరికరం ఉంటే ఆ నౌక దక్కేదని నేను అనడం లేదు. పత్రం ఒకచోట, ప్రోగ్రాము ఒకచోట ఉండి, ఒకదానికొకటి తెలియకుండా బ్రతకడం సామాన్యమైన లోపం కాదని చెప్పడానికే దీనిని తలచాను.

ఈ లోపాన్ని పెద్దలు ఎరుగకపోలేదు. పూర్వపు పెద్ద యంత్రాలు ప్రోగ్రామును అచ్చువేసి ఇచ్చేటప్పుడు, చివర ఏ పేరు ఏ పంక్తిలో వచ్చిందో చూపే పట్టిక కూడ ఇచ్చేవి. అమెరికా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్నూత్ మరింత ముందుకు పోయి, ప్రోగ్రామును యంత్రం కోసం కాక మనిషి చదువుకొనే గ్రంథంగా వ్రాయవలెనని 1984లో ప్రతిపాదించాడు. ఆయన రూపొందించిన వెబ్ అన్న పద్ధతిలో వివరణా, ఆదేశాలూ ఒకే ప్రతిలో పడుగుపేకలవలె ఉంటాయి. పదసూచిక తనంతట తానే తయారవుతుంది. అది పండితుల మెప్పు పొందింది కాని వాడుకలో విస్తరించలేదు. నిత్యం తొందరలో ఉండే పనివారికి గ్రంథరచన చేసే తీరిక ఎక్కడిది?

వాడుకలోకి వచ్చినది వేరొకటి. 1995లో సన్ కంపెనీవారు ప్రకటించిన జావా భాషతో పాటు జావాడాక్ అనే ఉపకరణం వచ్చింది. ప్రమేయం తలమీది వ్యాఖ్యలో ‘సీ’, అంటే చూడుము, అన్న గుర్తు పెట్టి మరొక ప్రమేయం పేరు వ్రాస్తే, ఆ ఉపకరణం వ్యాఖ్యలన్నింటినీ ఏరి పుస్తకంగా కూర్చి, ఆ పేరు మీద నొక్కితే ఆ పుటకు పోయే ఏర్పాటు చేస్తుంది. తరువాత వాక్యం నడుమనే ‘లింక్’ అన్న గుర్తుతో, మన పిల్లలు ఫ్లవర్ బ్రాకెట్లు అని పిలిచే వంకర గీతల మధ్య పేరు వ్రాసే సౌకర్యం కూడ కలిగింది. 1997లో డిమిట్రీ వాన్ హీష్ అనే ఆయన వ్రాసిన డాక్సిజెన్ అన్న ఉపకరణం ఇదే మేలును సీ ప్లస్ ప్లస్ మొదలైన భాషలకు అందించింది. మైక్రోసాఫ్ట్ వారి సీ షార్ప్ భాషలో ఒక మెట్టు పైకి పోయారు: వ్యాఖ్యలో ‘సీరెఫ్’ అన్న గుర్తుతో వ్రాసిన పేరు నిజంగా ఉన్నదా లేదా అని, వివరణ గ్రంథం తయారుచేయమన్నప్పుడు, ప్రోగ్రామును అనువదించే కంపైలరే చూస్తుంది, లేకపోతే హెచ్చరిస్తుంది. ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చును. నా దృష్టిలో మాత్రం ఇది చాల పెద్దది. యంత్రం చదవదు, దాటిపోతుంది అని మా మేనల్లుడు చెప్పిన ఆ పచ్చని అక్షరాలలో ఒక్క మాటను యంత్రం ఆగి చదివింది.

అయితే మరొక ఎడం మిగిలిపోయింది. ఉపకరణం తయారుచేసిన పుస్తకంలో నొక్కితే పోయే దారి, ప్రోగ్రామరు పనిచేసుకొనే చోట చాలా భాషలలో పనిచేయదు. ఆ పనిచేసుకొనే చోటును కోడ్ ఎడిటరు అంటారు. వ్రాయడానికీ, దిద్దడానికీ, చదవడానికీ వాడు రోజంతా ఉండేది అక్కడే. అచ్చయిన పుస్తకాన్ని చూచేవారు బయటివారు. లోపలివాడికి ఆ సూచన వంకర గీతల మధ్య చిక్కుకొన్న చచ్చిన అక్షరమే. ఊరివారికి కనిపించని దారిపలకను పొరుగూరివారి పటంలో మాత్రం గీసినట్లయింది.

ఎడిటరు ఆ అక్షరానికి ప్రాణం పోయడమంటే ఏమిటి? మొదట వ్యాఖ్యను ఉత్త పచ్చరంగు ముద్దగా కాక, లోపల నిర్మాణం ఉన్న వస్తువుగా విడదీయాలి: ఇది వాక్యం, ఇది గుర్తు, ఇది పేరు. తరువాత ఆ పేరు ఎవరిదో నిర్ణయించాలి. కష్టమంతా ఇక్కడనే ఉన్నది. మన ఇండ్లలో ‘పెదనాన్నగారు’ అన్న మాట తీసికొనండి. మా అక్కయ్య ఇంట్లో ఆ మాటకు ఒకరు పలుకుతారు. పక్కింట్లో మరొకరు పలుకుతారు. పెండ్లిలో అందరూ ఒక పందిట కూర్చుంటే, పిలిచినది ఎవరి పిల్లవాడో చూచి పెద్దనాన్నగారెవరో తెలిసికొంటాము. ప్రోగ్రాములోనూ ‘తరుగు’ అన్న పేరు పదిచోట్ల ఉండవచ్చును. వ్యాఖ్య ఏ ప్రమేయం తలమీద ఉన్నదో, ఆ ప్రమేయం ఏ దస్త్రంలో ఉన్నదో, ఆ దస్త్రం బయటినుండి ఏయే పేర్లు తెచ్చుకొన్నదో చూచి, దగ్గరి బంధువు మొదలు దూరపు బంధువు వరకు వరుసగా వెదకాలి. ఆదేశాల విషయంలో కంపైలరు చేసే పనే ఇది. దానిని వ్యాఖ్యకు కూడ వర్తింపజేయాలి.

ఒకప్పుడు ప్రతి ఎడిటరూ ప్రతి భాషకూ ఈ విద్య విడివిడిగా నేర్చుకొనవలసి వచ్చేది. పది భాషలూ పది ఎడిటర్లూ ఉంటే నూరు దుబాసీలు కావాలి. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ అనే మూడు సంస్థలు కలసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అనే ఒక మధ్యస్థమైన ఒడంబడికను ప్రకటించాయి. భాష తెలిసిన పండితుడు ఒక పక్కన ఉంటాడు; ఎడిటరు మరోపక్క నుండి నిర్ణీతమైన ప్రశ్నలు అడుగుతుంది: ఈ చోటనున్న పేరు ఎక్కడ పుట్టింది? దీనిని ఎక్కడెక్కడ వాడారు? దీని పేరు మారిస్తే ఎక్కడెక్కడ మార్చాలి? ఒక్కొక్క భాషకు ఒక పండితుడు, ఒక్కొక్క ఎడిటరుకు ఒక ప్రశ్నించే నోరు ఉంటే చాలును. నూరుగురి పని ఇరువదిమందితో తీరుతుంది. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014 నుండి మైక్రోసాఫ్ట్ అధిపతిగా ఉన్న కాలంలో జరిగిన పనులలో ఇది ఒకటి. పత్రికలలో ఆయనను గురించి వచ్చే జీతభత్యాల కథనాలలో దీని ప్రసక్తి కనిపించదు. కనిపించవలసినదని నా అభిప్రాయం.

ఈ పునాది పడిన తరువాత మిగిలినవి త్వరత్వరగా వచ్చాయి. 2020 నవంబరులో రస్ట్ అనే భాషవారు, వ్యాఖ్యలో చతురస్ర కుండలీకరణంలో పేరు వ్రాస్తే చాలు, ఆ భాష నియమాల ప్రకారమే ఆ పేరును వెదకి దారి కలిపే పద్ధతిని స్థిరపరిచారు. దారి దొరకకపోతే హెచ్చరిక వస్తుంది. 2021 మే నెలలో టైప్‌స్క్రిప్ట్ 4.3 వెలువడింది. అందులో ‘లింక్’ గుర్తును ఎడిటర్లోనే గ్రహించే శక్తి కలిగింది. 2022 ఆగస్టులో గో భాష 1.19 కూర్పు కూడ తన వ్యాఖ్యలలో ఇటువంటి సూచనలకు చోటిచ్చింది.

దీనివల్ల వ్రాసేవానికి ఏమి ఒరిగింది అంటే, మా మేనల్లుడు చూపించినదే చెబుతాను. వ్యాఖ్యలోని పేరు మీద మౌసు బాణం నిలిపితే, ఆ ప్రమేయం వివరణ చిన్న పెట్టెలో పైకి తేలుతుంది. పుట తిప్పకుండానే పాదసూచిక చదివినట్లు. నొక్కితే తిన్నగా అక్కడికే పోతుంది. అక్కడినుండి తిరగబడి, ఈ ప్రమేయాన్ని ఎవరెవరు ప్రస్తావించారు అని అడిగితే, ఆదేశాలలో వాడినవారితో పాటు వ్యాఖ్యలలో తలచినవారు కూడ పట్టికలో వస్తారు. అన్నిటికంటె విలువైనది నాల్గవది. పేరు మార్చినప్పుడు వ్యాఖ్యలోని పేరు కూడ దానంతట అదే మారుతుంది. జిల్లా పేరు మారిన నాడే రాష్ట్రంలోని దస్తావేజులన్నింటిలో, ఆ జిల్లాను ఉద్దేశించిన చోట మాత్రమే, పేరు మారినట్లు! నేను ఆ మాట అంటే వాడు నవ్వి, “అలా అయితే మీసేవ దగ్గర క్యూలు ఉండవు మావయ్యా” అన్నాడు.

‘ఉద్దేశించిన చోట మాత్రమే’ అన్న మాట ముఖ్యం. కొన్ని ఎడిటర్లు గుర్తులేమీ లేని వ్యాఖ్యలలో కూడ అక్షరాలు కలిసిన చోటనల్లా పేరు మారుస్తామని అడుగుతాయి. అది వేరు. అక్షరాల పోలికను బట్టి మారిస్తే, తరుగు ప్రమేయం పేరుతో పాటు ‘కూరగాయలు తరుగు’ అన్న వాక్యమూ మారిపోతుంది. పోలిక చూచేది చెవి. ఉద్దేశం చూచేది బుద్ధి. వ్రాసేవాడు గుర్తు పెట్టి, ఇది నేను ఊరికే అన్న మాట కాదు, ఫలానా వస్తువు పేరు అని ముందుగా చెప్పితేనే యంత్రానికి ఆ బుద్ధి కలుగుతుంది. గుర్తు పెట్టడం విసుగైన పని. చదవడానికి కూడ ఆ వంకర గీతలు అడ్డు తగులుతాయి. అందుచేత చాలామంది పెట్టరు. పెట్టనివారిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. వాక్యం నిండా మేకులు కొట్టిన వ్యాఖ్యలు కూడ చూచాను, అవి చదవడం కంటె ఆదేశాలు చదవడమే సుఖం.

ఇంకొక హద్దు ఉన్నది. ఎడిటరు చూడగలిగినది పేరు ఉన్నదా, లేదా అన్నంతవరకే. ‘తరుగు ఇక్కడ తీయబడదు’ అన్న వాక్యం నిజమా అంటే దానికి తెలియదు. పలక అమలాపురం వైపే చూపుతున్నదని చెప్పగలదు. అమలాపురంలో మీ పని జరుగుతుందో లేదో చెప్పలేదు. పేరు సరిపోయి వాక్యం తప్పైన వ్యాఖ్యలు నేటికీ ఉన్నవి, ఇకముందూ ఉంటాయి. వాటిని పట్టవలసినది మనిషే. అయినా నా పెండ్లి నాదస్వరం వంటి పొరపాటును ఇది పట్టగలదు. టేపు సంఖ్య మారిన క్షణంలోనే కార్డు మారి ఉండేది.

ఆ సాయంకాలం మా అక్కయ్య భోజనానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. వాడు లేవకుండా, వాడికంటె ముందు పనిచేసిన వారెవరో వ్రాసిన ఒక పాత వ్యాఖ్యను నాకు చూపుతూ, అందులో ఉత్తమాటగా ఉన్న ఒక పేరుకు గుర్తు తగిలించాడు. వెంటనే దాని క్రింద అలల గీత పడింది. ఆ పేరుగల ప్రమేయం ప్రోగ్రాములో ఎక్కడా లేదట. వాడు పాత ప్రతులు తిరగవేసి చూచాడు. రెండేండ్ల క్రిందటనే దానిని తీసివేశారు. ఆ వాక్యం మాత్రం, దానిని చూడుమని, ఇన్నాళ్లూ వచ్చినవారందరికీ చెబుతూనే ఉన్నది.

“ఇప్పుడేమి చేస్తావురా?” అన్నాను.

“ఏముందండీ, తీసేస్తాను,” అని ఆ పంక్తి చెరిపి, కంప్యూటరు మూసి, చేయి కడుగుకోవడానికి లేచాడు.